హౌడిని ఏ ఊరివాడు?

హాస్టల్లో ఎవరైనా మీదే ఊరు అని అడిగితే హైదరాబాద్ అనేస్తాను. పుట్టింది అక్కడ కాదు. హ్యారీ హౌడిని కూడా నా బాపతే అని ఈ మధ్యే తెలిసింది.

సంకెళ్లు వేసినా, పెట్టెలో పెట్టి తాళం వేసినా బయటపడే ఆ మెజీషియన్, తను అమెరికాలోని ఆపిల్టన్ అనే ఊళ్లో 1874 ఏప్రిల్ 6న పుట్టానని చెప్పుకునేవాడు. నిజానికి పుట్టింది మార్చి 24న, బుడాపెస్ట్‌లో. అసలు పేరు ఎరిక్ వైస్. నాన్న రబ్బీ, అంటే యూదుల మతగురువు. ఆయన ముందు అమెరికా వెళ్తే, 1878లో అమ్మ సిసిలియా పిల్లల్ని వెంటేసుకుని ఓడెక్కింది. ఆపిల్టన్‌లో నాన్న ఉద్యోగం కొన్నేళ్లకే పోయింది. తర్వాత మిల్వాకీ, ఆ తర్వాత న్యూయార్క్. అక్కడ ఎరిక్ నెక్‌టైల ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1892లో నాన్న పోయాడు.

ఫొటోల్లో ఈ కష్టం ఏదీ కనపడదు. ఆ రోజుల్లో స్టూడియో ఫొటోని దళసరి అట్టకి అతికించి, అట్ట మీద స్టూడియో పేరు, ఊరు అచ్చువేసేవాళ్లు. వలస వచ్చిన యూదు కుటుంబాల చరిత్ర వెతికేవాళ్లకి మొహాలెంత ముఖ్యమో ఈ అట్టా అంతే ముఖ్యం. ఫొటో దిగినప్పుడు ఆ కుటుంబం సముద్రానికి ఏ వైపున ఉందో అది చెప్పేస్తుంది. మన భాషలో మెటాడేటా అన్నమాట.

మొహాలు మాత్రం కథలు చెప్తాయి. టీనేజ్‌లో ఎరిక్ రన్నింగ్ డ్రెస్‌లో, ఛాతీ నిండా పతకాలతో దిగిన ఫొటో ఒకటుంది. అవన్నీ గెలిచినవేనా అంటే జీవితచరిత్ర రాసినవాళ్లకే అనుమానం. 1907 ప్రాంతంలో అమ్మతో, భార్య బెస్‌తో దిగిన ఫొటో చూస్తే అచ్చమైన అమెరికన్ పెద్దమనిషే.

కానీ ఆ ఫొటోలో ఉన్న అమ్మకి ఇంగ్లీష్ రాదు. అన్నేళ్లు అమెరికాలో ఉన్నా ఇంట్లో జర్మనే. ఇక్కడే నాకు కాస్త గుచ్చుకుంది. మా నానమ్మ ఫోన్ చేస్తే, పక్కన ఫ్రెండ్స్ ఉన్నారని నేను గొంతు తగ్గించేస్తాను.

1913లో హౌడిని యూరప్‌లో ఉండగా ఆవిడ చనిపోయింది. 1922లో షెర్లాక్ హోమ్స్ రచయిత కానన్ డాయిల్ భార్య, మీ అమ్మ ఆత్మ నా చేత రాయిస్తోందంటూ పేజీలకు పేజీలు రాసిచ్చింది. అంతా ఇంగ్లీష్‌లో. పైన ఒక శిలువ గుర్తు. రబ్బీ భార్య శిలువ గీస్తుందా? హౌడిని నమ్మలేదు. డాయిల్‌తో స్నేహం చెడింది. తన పుట్టిన ఊరిని మార్చేసినవాడు అమ్మ భాషని మాత్రం ఎవర్నీ మార్చనివ్వలేదు.

1926 అక్టోబర్ 31న డెట్రాయిట్‌లో చనిపోయాడు. శవపేటికలో అతని తల కింద అమ్మ రాసిన ఉత్తరాలు పెట్టారు.