అమ్ముడుపోని కారుతో మొదలైన జీవితం – కాలిన్ చాప్‌మన్



వార్షికోత్సవ సంచిక అనగానే మనం అంబేద్కర్, పూలే, కలాం వంటి మహనీయుల జీవితాలు రాస్తుంటాం. వారి గురించి రాయడానికి మన హాస్టల్లో నాకన్నా బాగా తెలిసినవారు ఉన్నారు. అందుకని ఈసారి నేను మనకు అంతగా పరిచయం లేని ఒక ఇంజనీరు గురించి రాస్తున్నాను. ఆయనను మహాత్ముడు అనలేను. కానీ ఇరవై ఏళ్ళ వయసులో, చదువు పూర్తికాకముందే, ఒక పాత కారును చేతిపనిముట్లతో విప్పి మళ్ళీ కట్టి, ప్రపంచ ప్రసిద్ధమైన కార్ల కంపెనీకి పునాది వేశాడు. ఆ కంపెనీ పేరు లోటస్, అంటే తామర. ఆ మనిషి పేరు కాలిన్ చాప్‌మన్.

చాప్‌మన్ 1928 మే 19న ఇంగ్లండులో లండన్ దగ్గరి రిచ్‌మండ్‌లో జన్మించాడు. పెరిగింది ఉత్తర లండన్‌లో. తండ్రి అక్కడ రైల్వే హోటల్ అనే హోటల్ నడిపేవాడు. కాబట్టి చాప్‌మన్ మనలాగా పేదవాడు కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. అయితే అది రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసిన కాలం. దేశమంతా కొరత. పెట్రోలుకు కోటా. కొత్త కారు సామాన్యుడికి దొరికే వస్తువే కాదు. యుద్ధం ముగిసిన ఏడాదే ఆయన లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగ్‌లో చేరాడు. చదివింది కార్ల గురించి కాదు. వంతెనలు, భవనాలు బరువును ఎలా మోస్తాయో చెప్పే స్ట్రక్చరల్ ఇంజనీరింగ్. అక్కడే యూనివర్సిటీ ఎయిర్ స్క్వాడ్రన్‌లో చేరి విమానం నడపడం కూడా నేర్చుకున్నాడు.

చదువుకుంటూనే ఒక తోటి విద్యార్థితో కలిసి పాత కార్లు కొని అమ్మడం మొదలుపెట్టాడు. కొంతకాలం నాలుగు డబ్బులు మిగిలాయి. 1947 చివర్లో సొంత వాహనాలకు ఇచ్చే పెట్రోలు కోటాను ప్రభుత్వం రద్దు చేసింది. పెట్రోలే లేనప్పుడు కారు ఎవరు కొంటారు? ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. ఉన్న కార్లను నష్టానికి తెగనమ్మారు. అంతకుముందు సంపాదించింది దాదాపు మొత్తం పోయింది. చివరికి ఎవరూ కొనని ఒక కారు మిగిలింది. అది దాదాపు ఇరవై ఏళ్ళ పాత ఆస్టిన్ సెవెన్.

ఆస్టిన్ సెవెన్ 1922లో వచ్చిన చిన్న కారు. దాని ఇంజన్ 747 సి.సి. మన రోడ్ల మీద చాలా ఏళ్ళు తిరిగిన మారుతి 800 ఇంజన్ 796 సి.సి. అంటే అంతకన్నా చిన్నది. ఇంత చిన్న ఇంజన్‌తో కారు వేగంగా పోవాలంటే ఎవరైనా ముందు ఇంజన్ పెద్దది చేయాలనుకుంటారు. పెద్ద ఇంజన్ కొనడానికి చాప్‌మన్ దగ్గర డబ్బు లేదు. అందుకే ఆలోచన రెండో వైపు తిరిగింది. బలం పెంచలేకపోతే, మోయాల్సిన బరువు తగ్గించవచ్చు కదా!

ఆయనకు హేజెల్ విలియమ్స్ అనే అమ్మాయితో స్నేహం ఉండేది. తరువాత ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. ఆమె తల్లిదండ్రుల ఇంటి వెనుక షెడ్డులో 1948లో పని ప్రారంభమైంది. పెద్ద యంత్రాలు ఏమీ లేవు. మామూలు పనిముట్లే. ముందు కారు పాత బాడీని మొత్తం పీకేశారు.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఆనాటి చాలా కార్లలో కింద ఉండే ఛాసిస్ ఒక్కటే బరువు మోసేది. పైనున్న బాడీ మనుషుల్ని ఎండావానల నుంచి కాపాడేదే తప్ప బరువు మోయడంలో దాని సాయం ఏమీ లేదు. పైగా దాన్ని కూడా ఛాసిస్సే మోయాలి. చాప్‌మన్ పల్చని ప్లైవుడ్‌కు అల్యూమినియం రేకు అతికించి, మధ్యమధ్యలో అడ్డుగోడలు పెట్టి, కొత్త బాడీని ఛాసిస్‌తో కలిపి బిగించాడు. దాంతో బాడీ కూడా బరువు మోయడంలో భాగం పంచుకుంది. కారు తేలికైంది, అయినా గట్టిపడింది.

ఇది ఎలా సాధ్యమని సందేహం రావచ్చు. మన రేకు పెట్టెను చూడండి. విడిగా ఆ రేకును తీసుకుంటే చేత్తో వంచేయవచ్చు. అదే రేకును పెట్టెగా మడిచి మూల మూలా బిగిస్తే దాని మీద మనిషి కూర్చున్నా వంగదు. బలం రేకు మందంలో లేదు, దాన్ని అమర్చిన తీరులో ఉంది. చాప్‌మన్ క్లాసులో విన్న పాఠం ఇదే. తేడా ఏమిటంటే, దాన్ని పరీక్షలో రాసి వదిలేయకుండా షెడ్డుకు తీసుకెళ్ళాడు.

ఆ కారుకు లోటస్ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఎందుకు పెట్టాడో చివరిదాకా బయటపెట్టలేదు. బురద గుట్టలు ఎక్కించే స్థానిక పోటీల్లో హేజెల్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ కారును నడిపాడు, బహుమతులు కూడా గెలిచాడు.

ఇన్ని చేస్తూ చదువులో ఏమయ్యాడు? 1948లో లెక్కల పేపరు పోయింది. డిగ్రీ లేకుండానే కాలేజీ వదిలాడు. మరుసటి ఏడాది మళ్ళీ రాసి పాసయ్యాడు. ఈ విషయం మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు గుర్తుపెట్టుకోవాలి. నేను మా ఇంట్లో మొదటి డిగ్రీ. మొదటి తరం చదువుకునే ఇళ్ళలో ఒక్క పేపరు పోతే చదువే పోయిందనుకుంటారు. పుస్తకాలు అటకెక్కుతాయి. సప్లిమెంటరీ రాసి బయటపడినవాళ్ళు మన హాస్టల్లోనే ఎందరో ఉన్నారు. చాప్‌మన్ కూడా ఆ వరుసలోనివాడే.

తరువాత కొంతకాలం వైమానిక దళంలో పనిచేసి బయటికి వచ్చాడు. ఈలోగా రెండో కారు తయారైంది. మూడో కారును 750 సి.సి. పోటీల కోసం కట్టాడు. దీనికి పొరుగునే ఉండే అలెన్ సోదరులు తోడయ్యారు. వాళ్ళ గ్యారేజీలో మంచి పనిముట్లు ఉండేవి.

ఈ మూడో కారులో చేసిన మార్పు చిన్నదే గానీ చాలా తెలివైనది. ఆస్టిన్ సెవెన్ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లు ఉంటాయి, కానీ గాలి, పెట్రోలు కలిసి లోపలికి వెళ్ళే దారులు రెండే. ఇద్దరిద్దరికి ఒక దారి. ఒకే కంచంలో ఇద్దరు తిన్నట్టు, పక్కపక్క సిలిండర్లు వెంటవెంటనే పీల్చుకునేసరికి ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ అందేది. చాప్‌మన్ ఆ దారి మధ్యలో పల్చని అడ్డుగోడ పెట్టాడు. నాలుగు సిలిండర్లకు ఎవరి దారి వారికి ఏర్పడింది. 1951 పోటీల్లో ఆ కారును అందుకోవడం మిగతావారి వల్ల కాలేదు. చివరికి నిర్వాహకులు ఆ కిటుకు పనికిరాదని నిబంధనే మార్చారు.

1952 జనవరి 1న లోటస్ ఇంజనీరింగ్ కంపెనీ మొదలైంది. పెట్టుబడి హేజెల్ దగ్గర తీసుకున్న 25 పౌండ్లు. కార్ఖానా తండ్రి హోటల్ వెనుక ఉన్న పాత గుర్రపుశాల. పగలు బ్రిటిష్ అల్యూమినియం కంపెనీలో ఉద్యోగం, రాత్రి ఇక్కడ కార్ల పని. ఆయన అమ్మిన ఆరో నమూనా కారు విడిభాగాలుగా వచ్చేది. కొన్నవారు ఇంటి దగ్గర తామే బిగించుకోవాలి. అలా బిగించుకునే కార్లకు ఆ దేశంలో కొనుగోలు పన్ను ఉండేది కాదు. షెడ్డులో నేర్చుకున్న మనిషి ఇతరుల షెడ్లకు కూడా పని అందించాడు.

ఆ తరువాతది చరిత్ర. 1958లో లోటస్ ఫార్ములా వన్ పోటీల్లో ప్రవేశించింది. 1962లో వచ్చిన లోటస్ 25కు వేరే ఛాసిస్ లేనే లేదు. బాడీయే ఛాసిస్. మొదటి కారులో మొదలైన ఆలోచనకు అది పరిపూర్ణ రూపం. ఆ కారుతో జిమ్ క్లార్క్ 1963లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. చాప్‌మన్ కాలంలో లోటస్ ఏడుసార్లు నిర్మాతల ఛాంపియన్‌షిప్ గెలిచింది.

అయితే ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి జీవిత చరిత్ర రాయడం న్యాయం కాదు. బరువు తగ్గించడంలో ఎక్కడ ఆగాలన్నది కూడా ఇంజనీరింగే. లోటస్ కార్లు వేగానికి ఎంత పేరు పొందాయో, విరిగిపోతాయన్న మాటను కూడా అంతగా మోశాయి. 1969లో ఒక ప్రమాదం తరువాత డ్రైవరు యోకెన్ రింట్, బలహీనమైన భాగాలతో నడపలేనని చాప్‌మన్‌కు ఉత్తరం రాశాడు. 1970 సెప్టెంబరులో ఇటలీలోని మోంజాలో రింట్ కారు బ్రేకు షాఫ్టు ఒకటి విరిగింది. ఆయన చనిపోయాడు. ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్ మరణానంతరం ఆయనకే దక్కింది. షెడ్డులో మనం తగ్గించే బరువు వల్ల ప్రమాదం మనకే. ఇంకొకరిని కూర్చోబెట్టినప్పుడు ఆ లెక్క మారుతుంది.

డబ్బు విషయంలోనూ మచ్చ మిగిలింది. డెలోరియన్ అనే కారు కోసం బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చిన సొమ్ములో కొంత పక్కదారి పట్టింది. ఆ దర్యాప్తు తేలకముందే 1982 డిసెంబరు 16న చాప్‌మన్ 54 ఏళ్ళ వయసులో గుండెపోటుతో మరణించాడు. 1992లో లోటస్ ఆర్థిక వ్యవహారాలు చూసిన అధికారికి జైలు శిక్ష పడింది. చాప్‌మన్ బతికి ఉంటే ఆయనకు కనీసం పదేళ్ళ శిక్ష పడేదని ఆ న్యాయమూర్తి అభిప్రాయపడ్డాడు.

కాబట్టి ఈ జీవితం నుంచి అన్నీ తీసుకోనక్కరలేదు. ఏది తీసుకోవాలో మనమే ఏరుకోవాలి. నేను ఏరుకున్నది ఆ షెడ్డును. ఐటిఐలో, పాలిటెక్నిక్‌లో, ఇంజనీరింగ్‌లో చదువుతున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది ల్యాబు లేదని, పరికరాలు లేవని బాధపడుతుంటారు. ఆ బాధ నిజమే. వాటి కోసం అడగాల్సిందే, పోరాడాల్సిందే. అవి వచ్చేలోపు పాడైన ఫ్యానో, పాత సైకిలో, మూలనపడ్డ మోటారో మన చుట్టూ ఉంటుంది. కరెంటు తీసేసి, తెలిసిన పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని దాన్ని విప్పండి. ఏ భాగం ఏ పని చేస్తోందో, ఏది ఊరకే బరువుగా ఉందో పుస్తకంతో సరిచూసుకోండి.

చాప్‌మన్ ఆ మొదటి కారును 1950లో అమ్మేశాడు. దాని నంబరు ఓఎక్స్ 9292. అది ఎవరి దగ్గరికి చేరిందో తెలియక 2020లో లోటస్ కంపెనీయే దాన్ని వెతకమని ప్రపంచమంతా ప్రకటించింది. ఒకప్పుడు ఉచితంగా ఇస్తానన్నా తీసుకునేవాడు లేని కారు అది. దాని విలువ పెంచింది పెద్ద ఇంజన్ కాదు. చదివిన పాఠాన్ని చేతుల్లోకి తెచ్చుకున్న ఒక విద్యార్థి.