తలుపు తట్టిన ముగ్గురు భర్తలు

వేలూరు ఆసుపత్రి పేరు వినని ఇల్లు మన రాయలసీమలో దాదాపు ఉండదు. పెద్ద జబ్బు వస్తే లింగాల నుంచైనా, పులివెందుల నుంచైనా చాలామంది దారి పట్టేది అటే. దాన్ని స్థాపించిన డాక్టర్ ఐడా స్కడర్ జీవితం మనం సండే స్కూల్లోనే విన్నాం. కానీ ఆ కథలో మనం అంతగా పట్టించుకోని ముగ్గురు మనుషులున్నారు. ఈ వారం వారిని గుర్తుచేసుకుందాం.

ఐడా 1870 డిసెంబర్ 9న రాణిపేటలో ఒక మిషనరీ డాక్టరు ఇంట పుట్టింది. 1876-78లో మహా కరువు వచ్చింది. మన పెద్దలు ధాత కరువని చెప్పుకున్నది దాన్నే. కడప జిల్లానూ అది వదల్లేదు. చేతికిచ్చిన రొట్టెను నోటిదాకా ఎత్తుకునే సత్తువ కూడా లేని పిల్లలకు ముక్కలు తుంచి నోట్లో పెట్టడం ఆరేడేళ్ల ఐడా పని అయింది. ఆ దృశ్యాలు ఆమెను ఈ దేశానికి దగ్గర చేయలేదు, దూరం చేశాయి. తర్వాత అమెరికాలో చదువుకుంటూ, తాను మాత్రం మిషనరీ కాకూడదని నిశ్చయించుకుంది. సేవకుల జీవితాల్లో ఇలాంటి సంగతులు మనం దాచిపెడుతుంటాం, కానీ దాచాల్సిన పనేముంది? యోనా కూడా మొదట ఓడెక్కి పారిపోయినవాడే కదా!

1890లో తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి ఐడా తిండివనం వచ్చింది. అక్కడ ఒక రాత్రి ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి తలుపు తట్టాడు. భార్యకు కాన్పు కష్టమైంది, రమ్మని బతిమాలాడు. తాను డాక్టరును కానని, తండ్రిని పంపుతానని ఐడా చెప్పింది. పరపురుషుడు తన భార్యను చూడటానికి ఆయన ఒప్పుకోలేదు. ఆయన వెళ్లాక ఒక ముస్లిం, ఆ తర్వాత మరో హిందువు వచ్చారు. అందరిదీ అదే కష్టం, అదే జవాబు. తెల్లవారేసరికి ముగ్గురు బాలింతలు కావలసినవారు శవాలయ్యారని తెలిసింది. తాను డాక్టరు కావాలని ఐడా ఆ రోజే తీర్మానించుకుంది.

ఆ ముగ్గురినీ మనం సులువుగా మూర్ఖులనేస్తాం. అర్ధరాత్రి పరాయివారి గుమ్మం ముందు నిలబడి వేడుకున్నవారికి భార్య మీద ప్రేమ లేదనగలమా? ప్రేమ ఉంది. ఏం చేయాలో వారికి చెప్పినవారే లేరు.

న్యాయాధిపతుల గ్రంథంలో మానోహ జ్ఞాపకం వస్తాడు. గర్భవతి కాబోయే అతని భార్యకు దూత కనిపించి, ద్రాక్షారసం తాగవద్దని, అపవిత్రమైనదేదీ తినవద్దని చెప్పాడు. ఆ మాట ఆమెతో సరిపోయేదే. కానీ మానోహ ఊరుకోలేదు. పుట్టబోయే బిడ్డ విషయంలో ఏం చేయాలో తమకు నేర్పడానికి ఆ దైవజనుణ్ణి మళ్లీ పంపమని ప్రార్థించాడు. దూత మళ్లీ వచ్చి చెప్పింది కొత్త సంగతేమీ కాదు, అదే ఆహార నియమం. అయితే ఈసారి భర్త కూడా విన్నాడు.

ఐడా 1899లో కార్నెల్ వైద్య కళాశాలలో పట్టా పొంది, 1900లో తిరిగి వచ్చింది. షెల్ అనే ఆయన తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన 10 వేల డాలర్లతో 1902లో వేలూరులో 40 పడకల స్త్రీల ఆసుపత్రి లేచింది. చూడండి, ఇక్కడా ఒక భర్తే! 1909లో నర్సుల శిక్షణ మొదలైంది. ఆసుపత్రికి రాలేనివారి కోసం ఆమె వారం వారం గుడియాత్తం దారిలో వెళ్తూ, చెట్ల కింద ఆగి రోగులను చూసేది. 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల పెడితే, 1922లో మొదటి బ్యాచ్‌లోని 14 మందీ పాసయ్యారు. 1960 మే 24న ఆమె కొడైకెనాల్‌లో ప్రభువునందు నిద్రించింది.

నేడు మగ డాక్టరును వద్దనే భర్తలు అరుదు. అయితే గర్భిణి ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందనే భయం మాత్రం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. అందరూ తిన్నాక మిగిలింది తినే కోడళ్లూ ఉన్నారు. మన సీమలో రాగి సంగటి, చెనిక్కాయలు, మునగాకు, అరటిపండు కొరవా? వీటితోపాటు పప్పు, గుడ్డు, పాలు, రోజూ ఐరన్ మాత్ర అందేలా చూడాల్సింది భర్త కూడా. బిడ్డ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. అవి చెడ్డపాలని పిండి పారబోసి తేనె నాకించే అత్తమ్మతో, వద్దమ్మా అని మెల్లగా చెప్పగలిగేది కొడుకే, కోడలు కాదు. ఆరు నెలలు తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు. ఆ తర్వాత మెత్తటి ఆహారంతోపాటు రెండేళ్లు, ఆపైనా పాలివ్వవచ్చు. ఇవన్నీ మనం స్త్రీల కూడికలో చెబుతాం. మగవాళ్లు ఆ సమయానికి బయట చెట్టు కింద ఉంటారు!

సమూయేలు పాలు విడిచేదాకా తాను షిలోహుకు రానని హన్నా చెప్పినప్పుడు, ఎల్కానా ఆమెను బలవంతపెట్టలేదు. నీకు మంచిదని తోచినట్టు చేయమన్నాడు. ఆ ఏడు బలి అర్పించడానికి ఇంటివారితో అతడు వెళ్లాడు, హన్నా బిడ్డకు పాలిస్తూ ఇంటిపట్టునే ఉంది.