ఏం పడిందమ్మా?

విజయవాడ గవర్నర్‌పేటలో మా నాన్న నడిపిన డ్రైక్లీనింగ్ షాపు ఈ ఆషాఢంతో మూతపడింది. ఆషాఢం మాకెప్పుడూ బేరాల్లేని నెలే. పెళ్లిళ్లుండవు, పట్టుచీరలు బీరువా దాటవు. ఆ ఖాళీలో నాన్న మిషన్లు బాగుచేయించుకుని శ్రావణానికి సిద్ధమయ్యేవాడు. ఈసారి శ్రావణం వచ్చినా షట్టరు లేవలేదు.

సెలవులొస్తే నా చోటు కౌంటరు. చీర తీసుకోగానే కస్టమరు ముందే విప్పి కొంగు, అంచు, కుచ్చిళ్లు చూడాలి. మరక కనబడితే చూపించి బిల్లు మీద రాయాలి. ఆ తర్వాత “ఏం పడిందమ్మా?” అని అడగాలి. “అడక్కుండా నీళ్లు పెట్టమాకు నాన్నా” అని నాతో అనేవాడు. నూనె మరక పెట్రోల్ వాష్‌కి లొంగుతుంది. పాయసం లొంగదు. అందులో చక్కెర కంటికి కనబడకుండా బట్టలోనే ఉండిపోయి, ఇస్త్రీ వేడి తగిలాక పచ్చగా తేలుతుంది. రక్తానికి చన్నీళ్లే, వేణ్నీళ్లు తగిలితే బిగుసుకుపోతుంది. పసుపు మీద సబ్బు పడితే ఎర్రబడుతుంది, ఎండలో వేస్తే మెల్లగా వెలుస్తుంది. ఇవన్నీ నాకు ఏ కెమిస్ట్రీ క్లాసూ చెప్పలేదు.

పట్టో కాదో అనుమానం వస్తే, అడిగి, లోపలి అంచునుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చేవాడు. జుట్టు కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడైతే పట్టు. కరిగి గట్టిగా ఉండకడితే పాలియెస్టర్. అది అత్తవారు పట్టు అని చెప్పి పెట్టిన చీరైతే ఆ సంగతి కౌంటరు మీద ఎప్పుడూ బయటపెట్టలేదు. “దీనికి పెట్రోల్ వాష్ అక్కర్లేదమ్మా, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు” అని తిప్పి ఇచ్చేసేవాడు. బిల్లు పోయేది. మనిషి మర్యాద నిలిచేది. నాన్న దగ్గర నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా కష్టమైంది ఇదే.

మిషన్లో వాడే ద్రావకం పెర్క్‌ వాసనను మాత్రం తలచుకోబుద్ధి కాదు. అది క్యాన్సర్ తెచ్చే అవకాశముందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ ఎప్పుడో చెప్పింది. అమెరికా 2024 డిసెంబరులో, డ్రైక్లీనింగ్‌లో దాన్ని పదేళ్లలో పూర్తిగా ఆపాలని నియమం తెచ్చింది. నాన్న మమ్మల్ని మిషన్ గదిలోకి రానిచ్చేవాడు కాదు, తను మాత్రం రోజంతా అక్కడే ఉండేవాడు. షాపు పోయిందని బాధపడుతూనే, ఆయన ఆ గదిలోంచి బయటపడినందుకు సంతోషిస్తున్నాను.

మమ్మల్ని నిలబెట్టింది పెళ్లిచీరలు, లాయర్ల నల్లకోట్లు. 2020లో కరోనాతో రెండూ ఆగిపోయాయి. ఆ ఏడాది మేలో, వీడియో విచారణలకు కోటు, గౌను అక్కర్లేదని సుప్రీంకోర్టే చెప్పింది. కోర్టులు మళ్లీ తెరిచాక కోట్లొచ్చాయి గానీ, ఈలోపు అద్దె పెరిగింది, ఇంటికొచ్చి బట్టలు పట్టుకెళ్లే యాప్‌లొచ్చాయి, నాన్న మోకాళ్లు మొరాయించాయి.

నెల దాటితే మా పూచీ లేదని బిల్లు వెనక అచ్చయి ఉండేది. నాన్న దాన్ని ఒక్కసారీ వాడలేదు. మూసేముందు పాత బిల్లు పుస్తకాలు ముందేసుకుని, తీసుకెళ్లనివాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఒకామె వచ్చి, చనిపోయిన వాళ్లమ్మ చీర మా దగ్గరుందని అప్పుడే తెలుసుకుని, అక్కడే కూర్చుండిపోయింది. నాన్న డబ్బులు తీసుకోలేదు.

ఇస్త్రీ బల్ల, స్టీమ్ ప్రెస్ మా దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినాయన పట్టుకెళ్లి కోర్టుకి దగ్గర్లో సొంతంగా పెట్టుకున్నాడు. మరక అర్థం కాకపోతే నాన్నకి ఫోను చేస్తాడు. నాన్న ముందు అడిగేది, కస్టమరుని అడిగావా లేదా అని.