ఆలిస్ హామిల్టన్

గోడలకు వేయు తెల్లరంగు, స్నానపు తొట్టికి పెట్టు తళతళలాడు పూత చూచువారి కన్నులకు ఇంపు గూర్చును. కాని ఒకప్పుడు వానిని తయారుచేసిన కార్మికుల శరీరములలో సీసపు విషము చేరుచుండెను. ఆ విషము జాడను వెదకి పట్టుకొని, చట్టములకు దారి తీసిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్.

ఆమె 1869వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదైన ఆ దినములలో, మిచిగన్ విశ్వవిద్యాలయమున చదివి 1893లో పట్టము పొందెను. 1897లో చికాగో నగరమునకు వచ్చి, స్త్రీల వైద్యకళాశాలలో అధ్యాపకురాలయ్యెను. అచ్చట జేన్ ఆడమ్స్ అను సంఘసేవిక బీదల నడుమ నెలకొల్పిన హల్ హౌస్ అను సేవాసదనమే ఆమెకు నివాసమయ్యెను.

ఇరుగుపొరుగు వారిలో పెక్కురు యూరపు నుండి వలస వచ్చి, కర్మాగారములలో కూలిచేసి బ్రతుకువారు. సీసముతో పనిచేయువారు పాలిపోవుదురు. కడుపునొప్పితో మెలికలు తిరుగుదురు. కొందరికి మణికట్లు చచ్చుపడి చేతులు పనికిరాకపోవును. పనివారు చేతులు కడుగుకొనకపోవుటయే దీనికి కారణమని యజమానులు చెప్పుచుండిరి. ఆలిస్ ఆ మాటను నమ్మలేదు.

1910లో ఇల్లినాయి రాష్ట్రప్రభుత్వము వృత్తివ్యాధులను గూర్చి విచారణ జరిపించెను. ఆ భారమును ఆలిస్ వహించెను. ఒకనాడు ఆసుపత్రిలో సీసపు విషముచే బాధపడు పోలండు దేశీయుడొకడు ఆమె కంటబడెను. అతడు స్నానపు తొట్లకు పూత పెట్టువాడు. ఆమె ఆ కర్మాగారమునకు పోగా, అచ్చటివారు శుభ్రమైన పని నొకదానిని చూపిరి. అందు సీసము లేనేలేదు. సందేహము తీరక ఆమె రోగి ఇంటికి పోయి అడిగెను. ఆమె చూచినది తుదిమెఱుగు మాత్రమే యనియు, అసలు పని వేరొకచోట జరుగుననియు అతడు తెలిపెను. అచ్చట ఎఱ్ఱగా కాలిన తొట్టిపై పొడి చల్లుదురు. పైకి లేచిన ధూళిని పనివారు పీల్చుదురు. ఆ పొడిని తెచ్చి పరీక్షింపగా, అందు నూటికి 20 పాళ్ల వరకు సీసము కలదని తేలెను.

ఇట్లు ఇంటింటికి తిరిగియు, ఆసుపత్రుల దస్తరములు వెదకియు, ఆమె బృందము 578 మంది రోగుల వివరములు సేకరించెను. దాని ఫలముగా 1911లో ఇల్లినాయి యందు చట్టము వచ్చెను. యజమానులు రక్షణసాధనములు సమకూర్పవలెను. అపాయకరమైన పనులు చేయువారికి నెలకొకమారు వైద్యపరీక్ష జరిపింపవలెను. వ్యాధి కనబడిన తనిఖీ శాఖకు తెలుపవలెను.

ఆ సంవత్సరమే కేంద్రప్రభుత్వము ఆమెను దేశమంతటను పరిశీలనకు నియమించెను. కాని కర్మాగారములలో బలవంతముగా ప్రవేశించు హక్కు ఆమెకు లేకుండెను. మర్యాదయు, సాక్ష్యమునే ఆమె ఆయుధములు. ఒక పెద్ద సీసపు సంస్థ అధికారి తన పనివారికి వ్యాధి లేదని వాదింపగా, ఆమె 22 మంది రోగుల వివరములు తెచ్చి ముందుంచెను. అతడు తప్పు గ్రహించి, ధూళిని అణచు ఏర్పాట్లు చేయించి, కర్మాగారములలో వైద్యులను నియమించెను.

1919లో హార్వర్డు విశ్వవిద్యాలయమున అధ్యాపకపదవి పొందిన తొలి స్త్రీ ఆమెయే. అయినను స్నాతకోత్సవపు ఊరేగింపులో ఆమెకు చోటీయలేదు. పెట్రోలులో సీసము కలుపుట ప్రమాదకరమని 1925లో ఆమె హెచ్చరించెను. ఆ మాట నాడు చెల్లలేదు. ఎట్టకేలకు రోడ్డుపై తిరుగు వాహనములకు సీసపు పెట్రోలును అమెరికా 1996లో నిషేధించెను. మన దేశమున 2000లో దాని అమ్మకము ఆగెను.

1970 సెప్టెంబరులో, 101వ యేట ఆమె కన్నుమూసెను. ఆ డిసెంబరులోనే కార్మికుల ఆరోగ్యరక్షణకై అమెరికా దేశమంతటికిని వర్తించు చట్టము వెలువడెను. దానిని చూచు భాగ్యము ఆమెకు కలుగలేదు. కాని అట్టి చట్టమునకు కావలసిన సాక్ష్యమును అరువది యేండ్లకు ముందే, బీదవాని గడప త్రొక్కి, ఆమె కూర్పనారంభించెను.