సవర పిల్లల పంతులు

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పేరు చెప్పగానే మన తెలుగు మాస్టార్లకు గుర్తొచ్చేది వ్యావహారిక భాషోద్యమం. పక్క రాష్ట్రంలో ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. మనం మన వరంగల్ కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటాం. ఇద్దరూ జనం మాట పక్షాన నిలబడ్డవాళ్ళే. గిడుగు వారు అంతకుముందే మొదలుపెట్టిన మరో పని ఉంది. దాన్ని గురించి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఈ సంచికలో నాకిచ్చిన రెండు పేజీలు దానికే.

ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకున్నారు, అక్కడ గురజాడ అప్పారావు సహాధ్యాయి. మెట్రిక్యులేషన్ కాగానే 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. అప్పటికి పదిహేడేళ్ళు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఏ. పూర్తిచేశారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. సంతకు దిగి వచ్చి, సరుకు అమ్ముకుని వెళ్ళిపోయే ఆ జనానికి చదువు లేదు. చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ మాట రావాలి కదా! సవర భాష మన తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబానిది. మాట మధ్యలో గొంతు బిగబట్టి పలికే ధ్వనులు కూడా ఉన్నాయి. నేర్పే పుస్తకం ఎక్కడా లేదు. పంతులు గారు తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ గృహస్థు ఇంట్లో అది మామూలు సంగతి కాదు. తర్వాత సవర భాషలో పిల్లలకు పుస్తకాలు రాశారు. బడులు పెట్టి, పంతుళ్ళ జీతాలు తన జేబులోంచి ఇచ్చారు. ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, తనకొద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని, తానే చూసుకుంటానని చెప్పారు.

కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ చెవుల మీద పడింది. చెవితో విని ఒక భాషను పట్టుకున్న మనిషికి చెవుడు!

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, స్వర్ణోత్సవాల సందర్భంగా మన సంఘం ములుగు ఏజెన్సీలో ఒక గూడెం బడికి ఆదివారాలు వెళ్ళి చదువు చెప్పాలని అనుకుంటోంది. కంప్యూటర్లు ఇద్దామని కొందరు, ఇంగ్లీషు నేర్పుదామని కొందరు. రెండూ మంచివే. నేను రోడ్ల పని మీద ఏటూరునాగారం వైపు ఏళ్ళ తరబడి తిరిగాను. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలు ఒకటో తరగతిలో తెలుగు పాఠం అందక గోడకు ఆనుకుని కూర్చోవడం చూశాను. మట్టి పరీక్ష చేయకుండా మేము వంతెనకు పునాది తీయం. మనవాళ్ళు మొదటి నెల పుస్తకం తెరవకుండా, ఆ ఊరి పెద్దమనిషి దగ్గర కూర్చుని ఓ రెండొందల కోయ మాటలు రాసుకుని రావాలని నా ప్రతిపాదన. కమిటీలో నవ్వినవాళ్ళు ఉన్నారు, నవ్వనివ్వండి.

పంతులు గారు 1911లో ఉద్యోగం నుంచి విరమించారు. 1913లో రావు బహదూర్ బిరుదు, తర్వాత కైజర్-ఇ-హింద్ పతకం వచ్చాయి. బడి పుస్తకాల భాష మీద పండితులతో పోరాటం సరేసరి, అది అందరికీ తెలిసిన కథ. సవర పని మాత్రం వదల్లేదు. కొడుకు సీతాపతి గారు కూడా అందులోకి వచ్చారు. భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించుకుని, సొంతంగా చదువుకుని, 1931లో సవర వ్యాకరణం తెచ్చారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. అది కూడదని పోరాడిన ఆయన, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. అక్కడ ఉండగానే 1938లో, డెబ్బై అయిదేళ్ళ వయసులో, సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. 1940 జనవరి 22న కన్నుమూశారు.