విశాఖ వేధశాలలో నరసింగరావు

నక్షత్ర దర్శనముపై వేడుక గలవారికి మన తెలుగుసీమలో మొదటి పరీక్ష పెట్టునది మబ్బు. ఖమ్మము దాటి భద్రాచలము దిశగా సాగు అడవి పొలిమేరలయందు వసించువారికిది బాగుగ తెలియును. శీతకాలపు రాత్రులలో ఆ కొండలపై పాలవెల్లి తేటతెల్లముగ కానవచ్చును. ఆషాఢము ప్రవేశించి గోదావరి ఎరుపెక్కిన పిమ్మట దినముల తరబడి ఒక్క చుక్కయు కానరాదు. ఇట్టి నిలుకడలేని ఆకాశమునే నమ్ముకొని, సముద్రపు గాలి మరింత చికాకు పెట్టు విశాఖతీరమున, ముప్పదియారేండ్లు వేధశాలను నడిపిన తెలుగువాడు అంకితము వేంకట నరసింగరావు.

ఆయన 1827లో జన్మించెను. ఆంగ్ల విద్య నభ్యసించి, కుంపిణీ కొలువున డిప్యూటీ కలెక్టరు పదవి నందెను. నాడు దేశీయుడు ఆశింపదగిన ఉన్నతోద్యోగములలో అది యొకటి. ఆయన మామగారు గోడే వేంకట జగ్గారావు జమీందారు. మదరాసు వేధశాలాధికారి టేలరు దొరకడ జ్యోతిశ్శాస్త్రము నేర్చి, 1840లో విశాఖపట్టణమున దాబాతోటలోని తన గృహమునందే వేధశాల నెలకొల్పెను. 1856లో జగ్గారావు స్వర్గస్థుడు కాగా ఆ వేధశాల దిక్కులేనిదయ్యెను. నరసింగరావు కొలువు విడనాడి ఆ బాధ్యతను తలదాల్చెను. జీతము లేదు, పై అధికారి లేడు, అడుగువాడును లేడు. శ్రద్ధయొక్కటే ఆయనకు యజమాని.

ఆ వేధశాల వేడుకకై మాత్రమే వెలసినది కాదు. తెలిసిన నక్షత్రము నడినెత్తి రేఖను దాటు క్షణమును గుర్తించి గడియారమును సరిదిద్దుట నాటి పద్ధతి. ఆ కాలమునుబట్టి డాల్ఫిన్ ముక్కు కొండపై జెండా సంకేతము నిచ్చుచుండిరి. దానిని చూచి రేవులోని ఓడలవారు తమ గడియారములను సరిచూచుకొనుచుండిరి. గడియారము నాలుగు సెకనులు తప్పిన నడిసముద్రమున ఓడ సుమారు ఒక మైలు దారి తప్పును. అందువలన తారానిరీక్షణము నావికులకు ప్రాణరక్షణమే. చుక్కలు కానరాని వర్షకాలమున సైతము వేధశాలకు సెలవు లేదు. వాతావరణ వివరములు యథావిధిగ లిఖింపబడుచుండెను. తారలను మరుగుపరచిన మేఘమే నాడు పరిశీలనీయ వస్తువయ్యెను.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము తెలుగునాటి మీదుగ సాగెను. నడివర్షకాలమైనను, గుంటూరున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సూర్యుని అంచుననుండు జ్వాలలను వర్ణపట యంత్రముతో చూడగలిగెను. ఆ యేడే నవంబరు 5న సూర్యబింబముపై బుధుడు సంక్రమించుటను నరసింగరావు పరిశీలించెను. 1871లో లండనునందలి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగ నెన్నుకొనెను.

ఆయన జీవితమున పెద్ద పరీక్ష 1874 డిసెంబరు 9న వచ్చెను. ఆ యుదయము శుక్రుడు సూర్యబింబమున కడ్డముగ నడువవలసి యుండెను. భూమిమీద దూరదూర స్థలములనుండి ఆ సంక్రమణ కాలమును కొలిచి, సూర్యుని దూరమును లెక్కించుటకు పలు దేశములు పరిశోధక బృందములను పంపినవి. శుక్ర సంక్రమణము ఎనిమిదేండ్ల యెడముతో జంటగ వచ్చి, పిదప నూరేండ్లకు పైగా రాదు. జంటలో రెండవది, 1882 నాటిది, మన దేశమున రాత్రివేళ జరుగనుండెను. ఆ తరువాతిది 2004 జూన్ 8న. కావున ఆ యొక్క ఉదయమున మబ్బు క్రమ్మిన, నరసింగరావునకు ఈ జన్మమున మరి అవకాశము లేదు. ఆకాశము కరుణించెను. ఆయన సంక్రమణమును పరిశీలించి, ఆ వివరములను సొసైటీవారి పత్రికయందు ప్రకటించెను.

ఇట్టి పనికి ఆ శతాబ్దమున వాడుకలో నున్నది ధ్రువాక్షముపై తిరుగు దుర్భిణి. భూమి 23 గంటల 56 నిమిషములలో తన చుట్టు తాను తిరుగుటచే చుక్క కటకమునుండి జారిపోవును. దానిని వెంబడించుటకు, దిగజారు బరువుతో నడచు గడియారపు చక్రములు దుర్భిణిని మెల్లగ త్రిప్పుచుండును. నేడు ఆ పనిని విద్యుత్తు మోటారు చేయుచున్నది. బరువైనను మోటారైనను దుర్భిణిని చుక్కవైపు త్రిప్పగలవే గాని మబ్బును తొలగింపజాలవు.

1892లో నరసింగరావు కాలధర్మము నొందెను. ఆయన సతీమణి అచ్చయ్యమ్మ వేధశాల నడచుటకు తోడ్పడెను. ఆ కుటుంబము చేసిన విద్యాదానమునకు గుర్తుగ విశాఖలోని కళాశాలకు మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల యని పేరు వచ్చెను. అచ్చట చంద్రశేఖర అయ్యరు గణిత భౌతికశాస్త్రములు బోధింపగా, ఆయన కుమారుడు వేంకట రామన్ బాల్యమున అందే చదివి, 1930లో నోబెల్ బహుమాన మందెను. వేధశాల కాలగర్భమున కలిసినను, ఒక గృహస్థుని శాస్త్రాభిమానము విద్యాలయ రూపమున నిలిచినది.

1980 ఫిబ్రవరి 16న మరల సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఖమ్మము మీదుగ సాగెను. అట్టి దినములు తరమున కొక్కటైన రాకపోవచ్చును. వచ్చిననాడు అందుకొనవలెనన్న, రాని దినములలో సాధన యుండవలెను. ఉపాధ్యాయులు తమ విద్యార్థులచేత ప్రతిరాత్రియు ఆకాశమును చూపించి, కనబడిన చుక్కను, కనబడనిచో మబ్బును, తేదీతో వ్రాయించిన చాలును. నరసింగరావు ముప్పదియారేండ్లు చేసిన పనిలో మొదటి పాఠ మదియే.