ఫినియాస్ గేజ్: ఒక గాయం, తెగని ఒక ప్రశ్న

మనిషి ప్రవర్తనకు బాధ్యుడు ఆ మనిషేనా, అతని మెదడా అన్న చర్చ ఎక్కడ మొదలైనా ఫినియాస్ గేజ్ పేరు వినబడక తప్పదు. ఆయన తత్త్వవేత్త కాడు, శాస్త్రజ్ఞుడూ కాడు. రైలు మార్గం కోసం బండలు పేల్చే కూలీలకు మేస్త్రీ.

1848 సెప్టెంబర్ 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, కావెండిష్ సమీపాన ఆ ప్రమాదం జరిగింది. అప్పటికి గేజ్ వయస్సు 25 ఏళ్లు. రాతి రంధ్రంలో నింపిన మందుగుండును దట్టిస్తుండగా అది పేలింది. చేతిలోని ఇనుప కడ్డీ ఎడమ చెంప కింద దూరి, కంటి వెనుకగా సాగి, నడినెత్తిని చీల్చుకుని బయటపడింది. దాని పొడవు మూడడుగుల ఏడంగుళాలు, బరువు ఆరు కిలోలు. కొద్ది నిమిషాలకే గేజ్ మాట్లాడారు. ఎద్దుల బండిలో కూర్చునే బసకు చేరారు. డాక్టర్ జాన్ హార్లో వారాల తరబడి చేసిన చికిత్సతో ప్రాణం దక్కింది, ఎడమ కంటి చూపు పోయింది.

దేహం కోలుకున్నా పాత ఉద్యోగం తిరిగి రాలేదు. ఒకప్పుడు నేర్పరి, నెమ్మదస్తుడు అనిపించుకున్న వ్యక్తి నోటి దురుసుతో, నిలకడలేనితనంతో మారిపోయారని, స్నేహితులకు ఆయన పాత గేజ్‌గా కనిపించలేదని హార్లో రాశారు. అయితే ఈ వివరాలు వెలుగు చూసింది 1868లో, గేజ్ మరణించిన ఎనిమిదేళ్లకు. అంతకుముందే హార్వర్డ్ వైద్యాచార్యుడు హెన్రీ బిగెలో ఆయనను పరీక్షించి, మనశ్శక్తులు పూర్తిగా కోలుకున్నాయని తేల్చారు. ఒకే మనిషిని చూసిన ఇద్దరు వైద్యుల మాటలివి.

తరువాతి పాఠ్యగ్రంథాలు హార్లో మాటలకు తామే చిలవలు పలవలు చేర్చాయి. గేజ్ తాగుబోతు, దేశదిమ్మరి, నీతి నశించినవాడు అయ్యారు. ముందు మెదడు దెబ్బతింటే మంచిచెడ్డల విచక్షణ పోతుందనడానికి ఆయనే రుజువయ్యారు.

ఈ కథలో ఇమడనిది చిలీ ఘట్టం. 1852లో అక్కడికి వెళ్లిన గేజ్ సుమారు ఏడేళ్లు గుర్రపు బండ్లు తోలారు. పగ్గాలు వేర్వేరుగా పట్టి గుర్రాల జట్టును అదుపు చేయాలి, పరభాషలో ప్రయాణికులతో మెలగాలి, వేళ తప్పకూడదు. నిగ్రహం అడుగంటిన మనిషికి సాధ్యమయ్యే పని కాదది. చరిత్రకారుడు మాల్కమ్ మెక్‌మిలన్ దీనినే ఎత్తిచూపి, తొలినాళ్ల మార్పు కాలక్రమంలో చాలావరకు సర్దుకుని ఉంటుందని వాదించారు.

గేజ్ ఏ న్యాయస్థానం మెట్లూ ఎక్కినట్లు దాఖలాలు లేవు. కానీ హార్లో వర్ణన చట్టానికి చిక్కుముడే. గేజ్ మరణించిన 1860లోనే రూపొందిన భారత శిక్షాస్మృతి 84వ సెక్షన్, నేటి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ అడిగేది ఒక్కటే: మతిస్థిమితం లేని కారణంగా నిందితునికి తన చర్య స్వభావమైనా, అది తప్పన్న సంగతైనా తెలియని స్థితి ఉందా? తెలిసీ తనను తాను నిగ్రహించుకోలేని మనిషికి అందులో చోటు లేదు. మెదడు చిత్రాలు సాక్ష్యాలుగా వస్తున్న ఈ కాలంలో న్యాయమూర్తుల ముందుకు వచ్చేది సరిగ్గా ఆ ప్రశ్నే.

ఆరోగ్యం చెడి గేజ్ 1859లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని తల్లి వద్దకు చేరారు. మూర్ఛలు ముదిరి మరుసటి ఏడాది మే నెలలో, 36 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు. హార్లో కోరికపై కుటుంబం 1867లో సమాధిని తెరిపించింది. ఆయన కపాలం, జీవితాంతం వెంట ఉంచుకున్న ఆ కడ్డీ నేడు హార్వర్డ్ వైద్య కళాశాల మ్యూజియంలో ఉన్నాయి. 2009లో వెలుగులోకి వచ్చిన ఛాయాచిత్రంలో చక్కని దుస్తులు ధరించిన యువకుడు, ఎడమ కన్ను మూసుకుపోయి, రెండు చేతులతో ఆ కడ్డీని పట్టుకుని కనిపిస్తారు.